ఇజ్రాయెల్‌కు మద్దతే విశ్వాసానికి కొలమానమా?

పశ్చిమాసియాలో యుద్ధం రాజుకున్న ప్రతిసారీ ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాల్లో ఒకే ప్రశ్న లేస్తుంది. ఇజ్రాయెల్ పక్షాన నిలబడకపోతే వాక్యాన్ని కాదన్నట్టేనా? 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది హతులై, 251 మంది బందీలుగా చిక్కారు. ఆ తర్వాత గాజాపై జరిగిన యుద్ధంలో మృతులు 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ చెబుతోంది. ఈ సంఖ్యల మధ్య నిలబడి ఏమని ప్రార్థించాలన్నది శ్రీకాకుళంలోనో సాలూరులోనో ఆదివారం ఆరాధనకు వెళ్లే విశ్వాసికి దూరపు రాజకీయం కాదు. పాత నిబంధనలోని పేర్లు పిల్లలకు పెట్టుకుని, ప్రార్థనా మందిరాలకు సీయోను, హెబ్రోను, బేతేలు అని బోర్డులు రాయించుకున్న సమాజం అది. యెరూషలేము ఆ ఇళ్లలో రోజూ పలికే మాట.

అందుకే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. యూదులను ప్రేమించడం, వారి క్షేమం కోరడం బైబిల్ బోధే. ఒక ఆధునిక రాజ్యం చేసే ప్రతి పనినీ దైవ సంకల్పమని ఆమోదించడం మాత్రం బైబిల్ బోధ కాదు. ఈ రెంటినీ కలిపేసి దానికి విధేయత అని పేరు పెట్టడం వల్ల వాక్యానికీ నష్టమే, మనుషులకూ నష్టమే.

1948కి ముందే వేళ్లూనిన విశ్వాసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవులు 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక శాతానికి లోపే. మతం మారితే షెడ్యూల్డు కులాల హోదా పోతుందన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా లెక్కల్లోకి రాని విశ్వాసులూ ఉన్నారు. సంఖ్య చిన్నదైనా చరిత్ర చిన్నది కాదు. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో మొదలైన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయింది. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలన్నింటిలో పాడుకుంటున్నారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు తర్వాతి దశాబ్దాల్లో బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి దాకా విస్తరించి బడులు, ఆస్పత్రులు కట్టారు. కొండల్లో సవరల మధ్యా సంఘాలు వెలిశాయి. కథోలిక సంఘం 1993లో శ్రీకాకుళాన్ని ప్రత్యేక పీఠం చేసింది.

ఈ తేదీల్లో చర్చకు పనికొచ్చే ఒక వాస్తవం ఉంది. ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడింది 1948 మే 14న. అంతకు ముందే వందేళ్లకు పైగా ఈ ప్రాంతపు విశ్వాసులు బాప్తిస్మం పొందారు, కులం నుంచి వెలికి గురయ్యారు, అన్నీ భరించి నిలబడ్డారు. వారి విశ్వాసానికి ఏ రాజ్యానికి ఇచ్చే మద్దతూ షరతుగా లేదు. ఇప్పుడు అది తప్పనిసరి అనేవారు, అది లేకుండానే జీవితాంతం వాక్యానికి నిలబడిన ఆ తరాల గురించి ఏం చెబుతారో ఆలోచించాలి.

మరి ఈ బోధ ఎక్కడి నుంచి వచ్చింది? యూదులు తిరిగి స్వదేశం చేరతారన్న ఆశ ఇంగ్లండు ప్యూరిటన్లలో 17వ శతాబ్దం నుంచే ఉంది. దానికి ఒక పద్ధతి ప్రకారం రూపమిచ్చింది 1830లలో బ్రదరన్ ఉద్యమ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ. చరిత్రను యుగాలుగా విభజించి, సంఘం ఎత్తబడుతుందనీ, యూదులు తమ దేశంలో సమకూడతారనీ, మహాశ్రమల తర్వాత వెయ్యేళ్ల పాలన వస్తుందనీ ఆయన బోధించాడు. 1909లో అమెరికాలో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ఆ వివరణను పుట అడుగున పాదసూచికల్లో చేర్చింది. వాక్యం పక్కనే అచ్చయ్యేసరికి వ్యాఖ్యానం కూడా వాక్యమంత బరువు సంపాదించుకుంది.

తెలుగు నేలకు ఆ ఉద్యమం అప్పుడే చేరింది. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. గ్రోవ్స్‌కు డార్బీతో గట్టి విభేదాలున్న మాట నిజమే. అయినా కడవరి దినాల గురించిన ఈ పఠన పద్ధతి బ్రదరన్ సహవాసాల ద్వారా, ఆపై స్వతంత్ర సంఘాల ద్వారా, రేడియో, క్యాసెట్లు, టీవీ, ఇప్పుడు యూట్యూబ్ ద్వారా ఊరూరా పాకింది. బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. సంప్రదాయాలు దీన్ని తమ విశ్వాస ప్రమాణంలో ఎన్నడూ చేర్చలేదు. కానీ ఉజ్జీవ సభల వేదిక మీద ఆ తేడా వినబడదు. మత్తయి 24లోని అంజూరపు చెట్టు చిగురించడమంటే 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటమేనన్నది ఇప్పుడు దాదాపు అందరికీ తెలిసిన వ్యాఖ్యానం. అదే లెక్కతో ఒక తరానికి 40 ఏళ్లు కట్టి, 1988లో సంఘం ఎత్తబడుతుందని అమెరికాలో ఎడ్గర్ విజినంట్ పుస్తకమే వేశాడు. ఆ ఏడాది గడిచిపోయింది. లెక్క తప్పిందే కానీ ఆ లెక్కల అలవాటు పోలేదు.

రెండు వాదనలు, రెండింటి బలం

మద్దతు తప్పనిసరి అనేవారి వాదనను తేలిగ్గా తీసుకోరాదు. అబ్రాహామును ఆశీర్వదించేవారికి ఆశీర్వాదం కలుగుతుందని ఆదికాండం 12 చెబుతుంది. కనాను దేశాన్ని శాశ్వత స్వాస్థ్యంగా ఇస్తానన్న వాగ్దానం 17వ అధ్యాయంలో ఉంది. యూదుల విషయంలో దేవుని పిలుపు రద్దు కాలేదని పౌలు రోమా పత్రిక 11లో వాదించాడు. దీనికి చరిత్ర కూడా తోడవుతుంది. సంఘమే కొత్త ఇశ్రాయేలు, యూదులు శాపగ్రస్తులు అని యూరప్ క్రైస్తవ్యం శతాబ్దాల పాటు బోధించింది. ఆ ద్వేషం పెరిగిన నేల మీదే నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారు. ఆ పాపం తర్వాత యూదులకు ఒక సురక్షిత స్థలం ఉండాలని క్రైస్తవులు కోరడం న్యాయమే. పశ్చిమాసియాలో చాలాచోట్ల క్రైస్తవులు తరిగిపోతుంటే ఇజ్రాయెల్‌లో వారి సంఖ్య దాదాపు 1.8 లక్షలకు చేరి నెమ్మదిగా పెరుగుతోందన్నదీ వాస్తవమే.

ఎదుటి వాదనకూ అంతే లోతైన ఆధారాలున్నాయి. అబ్రాహాముకు చేసిన వాగ్దానం క్రీస్తులో నెరవేరిందని, ఆయనకు చెందినవారే ఆ వాగ్దానానికి వారసులని గలతీ పత్రిక 3 చెబుతుంది. యూదులకూ అన్యజనులకూ మధ్య గోడను క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ పత్రిక 2 అంటుంది. ఇశ్రాయేలుకు రాజ్యం ఎప్పుడు తిరిగొస్తుందని శిష్యులు అడిగితే, కాలాలు తెలుసుకోవడం మీ పని కాదని, లోకమంతటా సాక్షులుగా ఉండమని యేసు జవాబిచ్చిన సంగతి అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంలోనే ఉంది. యేసు పుట్టి పెరిగిన నేల మీద నేటికీ బతుకుతున్న సంఘాలు ఈ వైపే నిలిచాయి. 2006 ఆగస్టులో యెరూషలేములోని కథోలిక, సిరియన్ ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ పెద్దలు కలిసి, ఇజ్రాయెల్ రాజ్యానికి మద్దతును విశ్వాసంలో భాగం చేసే క్రైస్తవ జయోనిజం తప్పు బోధ అని ప్రకటించారు. 2009 డిసెంబరులో పాలస్తీనా క్రైస్తవులు కైరోస్ పత్రం వెలువరించారు. ఇజ్రాయెల్ ఆక్రమణ దేవునికీ మనిషికీ వ్యతిరేకమైన పాపమని అందులో చెప్పారు.

ఈ రెండు వర్గాలూ తరచూ దాటవేసే వాక్యభాగాలు మరికొన్ని ఉన్నాయి. అసలు తీర్పు అక్కడుంది. భూమి తనదేననీ, ఇశ్రాయేలీయులు అందులో పరదేశులు, అతిథులేననీ లేవీయకాండం 25లో దేవుడంటాడు. మధ్యలో నివసించే పరదేశిని దేశంలో పుట్టినవాడిలా చూడాలన్నది అదే గ్రంథం 19వ అధ్యాయం ఆజ్ఞ. చెర నుంచి తిరిగొచ్చాక దేశాన్ని పంచుకునేటప్పుడు పరదేశులకూ స్వాస్థ్యం ఇవ్వాలని యెహెజ్కేలు 47 చెబుతుంది. ఇశ్రాయేలు రాజే అయినా ఆహాబు నాబోతు ద్రాక్షతోటను కాజేస్తే ఏలీయా ఎదురు నిలిచాడు. దావీదు తప్పు చేస్తే నాతాను ముఖం మీదే చెప్పాడు. న్యాయం లేని ఆరాధనను ఆమోసు ఇశ్రాయేలు ముంగిటే ఖండించాడు. ఆ ప్రవక్తలను ఎవరూ ఇశ్రాయేలు ద్రోహులు అనరు. ఆ జాతిని ప్రేమించినందుకే ఆ పాలకులను నిలదీశారు. వాగ్దానం ఇంకా నిలిచే ఉందని నమ్మే విశ్వాసి కూడా, ఆ వాగ్దానంతో పాటే వచ్చిన న్యాయపు షరతును వదిలేయడానికి వీల్లేదు. కాబట్టి బైబిల్‌కు విధేయత అంటే మౌనంగా చప్పట్లు కొట్టడం కాదు. ప్రవక్తల కొలతతో అందరినీ కొలవడం.

నాబోతు కథ ఉత్తరాంధ్రకు విడమరిచి చెప్పనక్కర్లేదు. థర్మల్ కేంద్రం వద్దంటూ బీల భూముల కోసం నిలబడిన సోంపేట రైతులు, మత్స్యకారులపై 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఏడాది తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. సీతంపేట, పార్వతీపురం కొండల్లో గిరిజనుల భూమికి 1/70 చట్టమే ఆధారం. తరతరాల భూమి చేజారితే కుటుంబం ఏమవుతుందో తెలిసిన ఈ జిల్లాల విశ్వాసులు, వెస్ట్ బ్యాంక్‌లో ఒలీవ తోటలు కోల్పోతున్న రైతు గోడును వినగలరు. అక్కడ ఇజ్రాయెల్ ఆక్రమణ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న సలహా అభిప్రాయం ఇచ్చింది.

ఇతర దేశాలు నేర్పుతున్నదేమిటి?

ఈ బోధ రాజకీయ శక్తిగా మారితే ఏమవుతుందో చూడటానికి అమెరికాను మించిన ఉదాహరణ లేదు. టెక్సాస్ పాస్టర్ జాన్ హేగీ ఇజ్రాయెల్ మద్దతు కోసం 2006లో పెట్టిన సంస్థ ఇప్పుడు వాషింగ్టన్‌లో బలమైన ఒత్తిడి బృందం. 2018 మే 14న అమెరికా రాయబార కార్యాలయం యెరూషలేముకు మారినప్పుడు ఆ వేదిక మీద ప్రార్థన చేసినవారిలో ఆయనా ఉన్నారు. అదే రోజు గాజా సరిహద్దులో పదుల సంఖ్యలో పాలస్తీనీయులు కాల్పుల్లో మరణించారు. రెండు రోజులకే ఇవాంజెలికల్ అధ్యక్షుడు జిమ్మీ మొరాలెస్ నాయకత్వంలో గ్వాటెమాలా కూడా తన కార్యాలయాన్ని మార్చింది. 2023 సెప్టెంబరులో పాపువా న్యూగినీ ప్రధాని జేమ్స్ మరాపే తమది క్రైస్తవ దేశం కావడమే కారణమని చెప్పి అదే బాట పట్టారు. మరోవైపు చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ 2013లో ఒక నివేదిక తెచ్చింది. బైబిల్ ఆధారంగా ఆ భూమిపై ప్రత్యేక రాజకీయ హక్కు కోరడం చెల్లదన్నది దాని సారం. యూదు సంఘాలు అభ్యంతరం చెప్పాక ఇజ్రాయెల్ అస్తిత్వ హక్కును గుర్తిస్తున్నట్టు స్పష్టం చేస్తూ దాన్ని సవరించింది. విమర్శ చేసేవారు ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో ఆ సవరణ చెబుతుంది.

అమెరికాలోనూ గాలి మారుతోంది. 18 నుంచి 29 ఏళ్ల ఇవాంజెలికల్ యువతలో ఇజ్రాయెల్‌కు మద్దతు 2018లో 75 శాతం ఉండగా 2021 నాటికి 34 శాతానికి పడిపోయిందని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం పెంబ్రోక్ పరిశోధకుల సర్వే తేల్చింది. ఒక రాజ్యపు విధానాలకు విశ్వాసాన్ని ముడిపెడితే, ఆ విధానాలు నచ్చని యువత విశ్వాసాన్నే వదిలేసే ప్రమాదం ఉంది. తెలుగు సంఘాల కాపరులు దీన్ని ముందే గమనించాలి.

కథోలిక సంఘం నడిచిన దారి ఇంకొకటి. రెండో వాటికన్ సభ 1965లో యేసు మరణానికి యూదు జాతిని నిందించడం తప్పని తేల్చింది. 1993 డిసెంబరులో ఇజ్రాయెల్‌తో వాటికన్ ఒప్పందం కుదుర్చుకుంది. పాలస్తీనా రాజ్యాన్నీ గుర్తించింది. యూదు ద్వేషాన్ని ఖండిస్తూనే పాలస్తీనీయుల హక్కులను సమర్థించవచ్చనడానికి ఇది ఆచరణలో నిరూపణ.

యూదులతో తెలుగువారి సంబంధంలో మరో అధ్యాయం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం. అక్కడి బెనె ఎఫ్రాయిం సమాజం మాదిగ నేపథ్యం ఉన్న క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చింది. తాము ఎఫ్రాయిం గోత్రపు సంతతి అని ప్రకటించుకుని యూదు ఆచారాలు పాటిస్తోంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ 2013లో వారిపై పరిశోధన గ్రంథమే వెలువరించారు. మణిపూర్, మిజోరాంల బ్నెయ్ మెనాషెలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తించగా, వారిలో వేలమంది వలస వెళ్లారు. కొత్తరెడ్డిపాలెంకు అలాంటి గుర్తింపు రాలేదు. బైబిల్ ఇశ్రాయేలుతో ఆత్మీయంగా తాదాత్మ్యం చెందడం వేరు, ఇజ్రాయెల్ రాజ్యం ఎవరిని తనవారిగా ఒప్పుకుంటుందన్నది వేరు.

ఇక్కడ పడే ప్రభావం

భారత్ 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించింది, 1988లో పాలస్తీనాను గుర్తించింది, 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. రక్షణ, సేద్యం ఈ బంధానికి మూలాలు. బరాక్-8 క్షిపణిని రెండు దేశాలు కలిసి తయారు చేశాయి. కుప్పంలో బిందు సేద్యపు ప్రయోగం 1990లలోనే మొదలైంది. ఇవన్నీ ఉన్నా, 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో రెండు రాజ్యాల పరిష్కారానికి అనుకూలమైన తీర్మానానికి భారత్ ఓటేసింది. దేశ ప్రయోజనం చూసుకుని ప్రభుత్వం పాటించే సమతూకం కూడా సంఘాల్లో కనబడకపోతే అది ఆలోచించాల్సిన విషయం.

తీర్థయాత్ర విషయంలో మార్పుకు వెంటనే వీలుంది. క్రైస్తవుల పవిత్ర స్థలాల యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008 నుంచి సాయం ఇస్తోంది. 2019 నవంబరులో ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి ఆ సాయాన్ని 40 వేల నుంచి 60 వేలకు, అంతకు మించిన ఆదాయం ఉన్నవారికి 20 వేల నుంచి 30 వేలకు పెంచింది. యాత్ర ముగించుకుని వచ్చినవారు బంధువులకు యొర్దాను నీళ్ల సీసా, ఒలీవ చెక్క సిలువ తెచ్చిస్తారు. అరచేతిలో పట్టే ఆ సిలువలను చెక్కేది ఎక్కువగా బెత్లెహేము, బెయిత్ సహూర్, బెయిత్ జాలా ఊళ్లలోని పాలస్తీనా క్రైస్తవ కుటుంబాలే. యాత్రికుల బస్సు బెత్లెహేము గోడ దాటి లోపలికి వెళ్లి జనన మందిరం చూసి గంటల్లో తిరిగొస్తుంది. ఆ సిలువ చెక్కిన మనిషి మాత్రం అనుమతి పత్రం లేనిదే పది కిలోమీటర్ల దూరంలోని యెరూషలేముకు వెళ్లి ఈస్టర్ ఆరాధన చేసుకోలేడు.

ఆ సహోదరుల పరిస్థితి మన సంఘాల్లో అరుదుగా వినబడుతుంది. ఒకప్పుడు క్రైస్తవులే అత్యధికులైన బెత్లెహేములో ఇప్పుడు వారు చిన్న మైనారిటీ. ఆక్రమణ, నిరుద్యోగం, వలస అందుకు కారణాలని వారిలో చాలామంది అంటారు. ఇస్లామిస్టుల ఒత్తిడి కూడా కారణమని మరికొందరంటారు. యుద్ధానికి ముందు గాజాలో మిగిలిన క్రైస్తవులు సుమారు వెయ్యి మంది. 2023 అక్టోబరు 19న అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణపై దాడిలో తలదాచుకున్నవారు పదిహేను మందికి పైగా చనిపోయారు. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ చర్చిపై గుండు పడి ముగ్గురు మరణించారు. గురితప్పిన గుండు అంటూ ఇజ్రాయెల్ విచారం తెలిపింది. అదే నెలలో వెస్ట్ బ్యాంక్‌లోని క్రైస్తవ గ్రామం తైబెలో పురాతన చర్చి శిథిలాల దగ్గర నిప్పంటుకుంది. అక్కడ స్థిరపడిన ఇజ్రాయెలీ సెటిలర్ల పనేనని గ్రామస్థులు ఆరోపించారు. ఇజ్రాయెల్‌కు గట్టి మద్దతుదారుడు, బాప్టిస్టు పాస్టర్ అయిన అమెరికా రాయబారి మైక్ హకబీ స్వయంగా వెళ్లి, బాధ్యులెవరైనా శిక్షించాలన్నారు. స్నేహితుడిగా ఉంటూనే తప్పును తప్పనవచ్చని ఆయన ఆ రోజు చూపించారు.

ఇంకో చిక్కు నైతికమైనది. కడవరి దినాల బోధలో ఒక ప్రముఖ రూపం ప్రకారం మహాశ్రమల్లో యూదుల్లో అత్యధికులు నశించి, మిగిలినవారు క్రీస్తును ఒప్పుకుంటారు. అలాంటి ముగింపు త్వరగా రావాలని యుద్ధవార్తలు చూసి ఉత్సాహపడటం యూదుల పట్ల ప్రేమ అనిపించుకోదు. టీవీ తెర మీద ప్రవచనం నెరవేరిందని సంతోషించే చోట, ఆ రాత్రి ఇజ్రాయెల్‌లోని స్దెరోతులోనూ గాజాలోని ఖాన్ యూనిస్‌లోనూ బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కనబడాలి. ఈ నేల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి అక్కడికి పనికి వెళ్లినవారూ ప్రమాదంలో ఉంటారు. 2024 మార్చిలో లెబనాన్ వైపు నుంచి వచ్చిన క్షిపణికి కేరళ కార్మికుడొకరు బలయ్యాడు.

ఇక్కడ ఒక శాతం కూడా లేని సమాజం తన పౌర హక్కుల కోసం రాజ్యాంగాన్ని ఆశ్రయిస్తోంది. మెజారిటీ మతమే దేశానికి యజమాని అన్న వాదన ఇక్కడ చెల్లదని అంటున్న సంఘం, అదే వాదనను మరోచోట వాక్యం పేరిట సమర్థించలేదు. పొరుగున ఉన్న ముస్లిం కుటుంబంతో స్నేహం కూడా ఈ నిజాయితీ మీదే ఆధారపడి ఉంటుంది.

చేయగలిగినవి చాలా ఉన్నాయి. పాస్టర్లకు శిక్షణ ఇచ్చే కళాశాలలు రోమా 9 నుంచి 11 అధ్యాయాలను, గలతీ 3ను, ప్రవక్తలను కలిపి ఒక పాఠంగా బోధించాలి. విశ్వాస ప్రమాణం ఏది, వ్యాఖ్యానం ఏది అని కాపరులు వేదిక మీదే విడదీసి చెప్పాలి. ప్రభుత్వ సాయంతో వెళ్లే యాత్రలో బెత్లెహేములోనో నజరేతులోనో స్థానిక సంఘంతో ఒక పూట సహవాసం తప్పనిసరి చేయాలి. యూదు ద్వేషం ఎక్కడ వినిపించినా, హమాస్ హత్యాకాండను సమర్థించే మాట ఎవరు మాట్లాడినా అంతే గట్టిగా ఖండించాలి.

వచ్చే ఉపవాస ప్రార్థనలో యెరూషలేము క్షేమం కోసం మోకరించే ప్రతి సంఘం, అదే ప్రార్థనలో గాజా పేరును, బెత్లెహేము పేరును కూడా చేర్చాలి. వాక్యానికి విధేయులం అనే ప్రతి విశ్వాసికీ ఇదే విజ్ఞప్తి.